ఒకే మరణం, రెండు వాక్యాలు: సెప్టిమేనియా బెర్నార్డ్ చరిత్రకు డీఎంజీహెచ్ ఎంత పనికొస్తుంది?

దక్షిణ ఫ్రాన్స్ తీరంలోని సెప్టిమేనియా ప్రాంతపు ప్రభువు బెర్నార్డ్ 844లో, పశ్చిమ ఫ్రాంకు రాజు చార్లెస్ కాలంలో హతమయ్యాడు. ఏడాదివారీ చరిత్ర అయిన సెయింట్ బెర్టిన్ వార్షికాల్లో ఆ ఏటి కింద ఉన్న మాట ఇది: స్పెయిన్ సరిహద్దు కౌంట్ బెర్నార్డ్ ఎంతోకాలంగా పెద్ద పెద్ద పన్నాగాలు పన్నుతూ, అందరికన్నా పై స్థానానికి అర్రులు చాస్తూ వచ్చాడు, ఫ్రాంకుల తీర్పులో రాజద్రోహిగా తేలి, చార్లెస్ ఆజ్ఞ మీద అక్విటేన్‌లో మరణశిక్ష పొందాడు. ఫుల్డా వార్షికాల్లో అదే ఏడు కింద ఇంకో మాట ఉంది: బార్సిలోనా డ్యూక్ బెర్నార్డ్ ఏ కీడూ శంకించక ఏమరి ఉన్న వేళ చార్లెస్ అతన్ని చంపాడు. మొదటి దాంట్లో విచారణ, తీర్పు, శిక్ష ఉన్నాయి. రెండో దాంట్లో హత్య తప్ప ఏమీ లేదు.

ఈ రెండు పుటలనూ బ్రౌజర్‌లో పక్కపక్కన తెరిచి చదువుకోగలగడమే డీఎంజీహెచ్ అనే ఉచిత సేవ విలువ. తొమ్మిదో శతాబ్దపు ఫ్రాంకు ప్రభువు ఒకడి జీవితాన్ని మూలాల్లోంచి తెలుసుకోవాలనుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు ఇంటర్నెట్‌లో లేదు. అయితే దారి తెలియకుండా దిగితే మొదటి గంటలోనే విసుగొస్తుంది. అందుకే బెర్నార్డ్ అనే ఒక్క మనిషిని పట్టుకుని, ఈ సేవ ఎక్కడ చక్కగా పనిచేస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పడం ఈ సమీక్ష ఉద్దేశం.

మోనుమెంటా గెర్మానియె హిస్టోరికా అనే సంస్థ 1819లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫ్రైహెర్ ఫామ్ స్టైన్ చొరవతో పుట్టింది. ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. మధ్యయుగపు రాతప్రతులను ఒకదానితో ఒకటి సరిచూసి, పాఠాంతరాలతో పరిష్కరించి అచ్చువేయడం దాని పని. ఆ సంపుటాలను పుట పుటా స్కాన్ చేసి, వెతుక్కునే వీలుతో పెట్టిన సైటే డీఎంజీహెచ్. చిరునామా డీఎంజీహెచ్ డాట్ డీఈ. రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు. కొత్త పరిష్కరణలు మాత్రం అచ్చయిన కొన్నేళ్లకు గానీ సైటులోకి రావు. ప్రతి పుటకూ విడిగా లింకు ఉంటుంది కాబట్టి, ఎవరితోనైనా వాదన వచ్చినప్పుడు సరిగ్గా ఆ పుటనే పంపవచ్చు.

ముందు మనిషి సంగతి. బెర్నార్డ్ తండ్రి తులూజ్ కౌంట్ విలియం. జెలోన్ మఠం కట్టించి, చివరికి అందులోనే సన్యసించాడు. చార్లమేన్ కొడుకు, చార్లెస్ తండ్రి అయిన ఫ్రాంకు చక్రవర్తి లూయీ బెర్నార్డ్‌కు జ్ఞానస్నానపు తండ్రి. పుట్టుక అంత గొప్పదైనా బెర్నార్డ్ అధికారం పుట్టుకతో వచ్చింది కాదు. ఇక్కడ తెలుగు పాఠకులు ఒక మాట దగ్గర జాగ్రత్తపడాలి. లాటిన్‌లో 'కోమెస్', మనం కౌంట్ అంటున్న పదవిని 'సామంతుడు' అని అనువదిస్తే కథ తలకిందులవుతుంది. సామంతుడికి తన రాజ్యం ఉంటుంది, ఏలికకు కప్పం కడతాడు. ఈ కాలపు కౌంట్‌ను రాజు నియమిస్తాడు, రాజే తీసేస్తాడు. ఒక ప్రాంతంలో రాజు పేరిట న్యాయం చెప్పడం, సైన్యాన్ని పోగుచేయడం, రాజుకు రావలసినవి వసూలు చేయడం అతని పని. ఆ పదవినీ దానితో వచ్చే భూములనూ కలిపి 'హోనోరెస్' అంటారు. బెర్నార్డ్ బతుకంతా ఆ హోనోరెస్ దక్కించుకోవడం, పోగొట్టుకోవడం, మళ్లీ తెచ్చుకోవడం. యంత్రానువాదం ఈ మాటను 'గౌరవాలు' అని తెస్తుంది. 832లో బెర్నార్డ్ 'గౌరవాలు' పోగొట్టుకున్నాడని చదివినవారికి అతని పరువు పోయిందని అనిపిస్తుంది. నిజానికి పోయింది సెప్టిమేనియా మొత్తం.

ఏ సంపుటాలు తెరవాలన్నది అసలు ప్రశ్న. సైటులో 'స్క్రిప్టోరెస్' విభాగం కింద పాఠశాల విద్యార్థుల కోసమంటూ మొదలైన చిన్న సైజు గ్రంథమాల ఒకటి ఉంది. దాని పొడి పేరు 'ఎస్ఎస్ రెర్. జెర్మ్.' అందులో (పక్కన పరిష్కర్త పేరు, అచ్చయిన ఏడు) 5వ సంపుటం సెయింట్ బెర్టిన్ వార్షికాలు (వైట్స్, 1883), 6వది ఫ్రాంకు రాజ్య వార్షికాలు (కుర్త్సే, 1895), 7వది ఫుల్డా వార్షికాలు (కుర్త్సే, 1891), 44వది నిథార్డ్ చరిత్ర (మ్యుల్లర్, 1907), 64వది థెగాన్ రాసిన లూయీ జీవితమూ, 'ఖగోళజ్ఞుడు' అని పిలిచే పేరు తెలియని రచయిత రాసిన లూయీ జీవితమూ కలిపి (ట్రెంప్, 1995). బెర్నార్డ్‌కు ఈ అయిదూ చాలు. 64వ సంపుటంతో మొదలుపెట్టడం మంచిది. అందులో లాటిన్‌కు ఎదురు పుటలో జర్మన్ అనువాదం ఉంటుంది. లాటిన్ కన్నా జర్మన్‌ను అనువాద యంత్రాలు బాగా తెలుగులోకి తెస్తాయి. మిగిలిన నాలుగూ లాటిన్ మాత్రమే.

కొత్తవారు ఎక్కువగా పడే గుంట ఒకటుంది. ఇదే గ్రంథాల పాత పరిష్కరణలు పెర్ట్స్ 1826, 1829లో తెచ్చిన పెద్ద సైజు మొదటి, రెండో స్క్రిప్టోరెస్ సంపుటాల్లో కూడా ఉన్నాయి. వెతికితే అవీ ఇవీ కలిసే వస్తాయి. పాతదాన్ని తెరిచి, అదే తుది పాఠమనుకుని ఉదాహరించేవారు చాలామంది. ఫలితాల్లో సంపుటం పేరు చూసి, రెండుచోట్లా ఒకే గ్రంథం కనిపిస్తే తరవాత అచ్చయినదాన్నే తీసుకోవాలి. సెయింట్ బెర్టిన్ వార్షికాల విషయంలో ఇంకో మెట్టు ఉంది: 1883 నాటి వైట్స్ పాఠం కన్నా 1964లో పారిస్‌లో వచ్చిన పరిష్కరణ మెరుగు, కానీ అది మోనుమెంటా ప్రచురణ కాదు కాబట్టి ఈ సైటులో దొరకదు. చదువుకోవడానికి వైట్స్ చాలు. అక్షరం అక్షరం మీద వాదించాల్సి వస్తే చాలదు.

ఇక శోధన. పెట్టెలో 'బెర్నార్డ్' అని ఇంగ్లీషు వర్ణక్రమంతో కొడితే పని జరగదు. లాటిన్‌లో పేరు విభక్తిని బట్టి మారుతుంది: బెర్న్‌హార్డుస్, బెర్న్‌హార్డి, బెర్న్‌హార్డో, బెర్న్‌హార్డుమ్. పైగా మధ్యలో 'హెచ్' అక్షరం ఫుల్డా వార్షికాల్లోనూ థెగాన్‌లోనూ ఉంటుంది, సెయింట్ బెర్టిన్‌లో ఉండదు. రెండు వర్ణక్రమాలతోనూ, ఒక్కో విభక్తితోనూ విడివిడిగా వెతకాలి. లూయీ భార్య జూడిత్‌కు మొదటి అక్షరం 'జె' కాదు, 'ఐ'. విలియంకు 'డబ్ల్యూ'తోనూ, 'వి', 'యు' కలిసిన రూపంతోనూ చూడాలి. పంక్తి చివర విరిగి, అడ్డగీతతో కింది పంక్తిలోకి పోయిన మాటలు తప్పిపోవచ్చు. కాబట్టి శోధనలో రాలేదంటే గ్రంథంలో లేదని తీర్మానించకూడదు. వచ్చిన మాటను కూడా పుట చిత్రంతో సరిచూశాకే నమ్మాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఆ పేరుగల వాళ్లు ఎందరో ఉండటం. లూయీ మీద తిరగబడి, కళ్లు పోగొట్టుకుని 818లో చనిపోయిన ఇటలీ రాజు కూడా బెర్నార్డే. మన బెర్నార్డ్ రెండో కొడుకు కూడా బెర్నార్డే. అందుకే శోధన పెట్టె కన్నా సంపుటం చివరి పేర్ల సూచి నమ్మకమైనది. పరిష్కర్త అక్కడ ఏ బెర్నార్డ్ ఎవరో వేరుచేసి, పుటలిచ్చి ఉంటాడు. సైటులో నేరుగా చివరి పుటలకు వెళ్లి సూచి తెరవడం, అక్కడినుంచి పుట సంఖ్యతో వెనక్కి రావడం: ఈ పాతకాలపు పద్ధతే ఇక్కడ వేగంగా సాగుతుంది.

పుట చదివే తీరు కూడా తెలియాలి. పుట అడుగున రెండు రకాల సూచికలుంటాయి. అక్షరాలతో గుర్తుపెట్టినవి పాఠాంతరాలు, అంకెలతో ఉన్నవి విషయ వివరణలు. ఒక రచయిత తనకన్నా ముందు గ్రంథంలోంచి ఎత్తి రాసుకున్న వాక్యాలను మోనుమెంటా పరిష్కర్తలు చిన్న అక్షరాల్లో అచ్చువేస్తారు. ఇది కంటికి ఆనని చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా ముఖ్యం. ఖగోళజ్ఞుడు 829 వరకు రాజ్య వార్షికాల మీదే ఆధారపడ్డాడు. కనుక 827 సంగతి రెండు గ్రంథాల్లోనూ ఉందంటే ఇద్దరు సాక్షులున్నట్టు కాదు. ఒకే సాక్షి రెండుసార్లు పలికినట్టు.

ఆ 827తోనే బెర్నార్డ్ పైకొచ్చాడు. 826లో బార్సిలోనా అతని చేతికొచ్చింది. అదే ఏడు ఐజో అనే నాయకుడు తిరగబడ్డాడు, మరుసటేడు కోర్దోబా నుంచి అబూ మర్వాన్ సేనతో వచ్చాడు, బార్సిలోనా, జిరోనా పరిసరాలు ధ్వంసమయ్యాయి. బెర్నార్డ్ ఎంతో పట్టుదలగా నిలబడ్డాడని రాజ్య వార్షికాలు చెబుతాయి. సాయంగా పంపిన సైన్యం మాత్రం నాయకుల అలసత్వంవల్ల అంతా అయిపోయాక చేరింది. తూర్ కౌంట్ హ్యూ, ఓర్లియాన్ కౌంట్ మాట్‌ఫ్రిడ్ అందుకు మూల్యం చెల్లించి 828 ఫిబ్రవరిలో ఆఖెన్ సభలో హోనోరెస్ పోగొట్టుకున్నారు. హ్యూ అంటే చక్రవర్తి పెద్దకొడుకు లోథార్‌కు పిల్లనిచ్చిన మామ. రాబోయే పదిహేనేళ్ల పగకు విత్తనం ఇక్కడే పడింది. ఈ వరస అర్థం కావాలంటే 6వ సంపుటంలో 826 నుంచి 829 దాకా ఏకబిగిన చదవాలి. శోధనలో పేరున్న పుటలు మాత్రమే చూసుకుంటూ పోతే హ్యూకూ బెర్నార్డ్‌కూ ఉన్న లంకె కనబడదు.

829 ఆగస్టులో వర్మ్స్ సభ. లూయీ తన చిన్నకొడుకు చార్లెస్‌కు అలమానియా తదితర ప్రాంతాలిచ్చాడు, లోథార్‌ను ఇటలీకి పంపాడు, బెర్నార్డ్‌ను తెచ్చి 'కామెరారియుస్' చేశాడు. రాజ్య వార్షికాలు ఆ ఏడాదితోనే ఆగిపోతాయి. ఆపైన 5వ సంపుటానికి మారాలి. ఈ పదవేమిటో తెలియకపోతే 830 అర్థం కాదు. దానికి ఇంకో చోటికి వెళ్లాలి: 'ఫోంటెస్ యూరిస్' మాలలో 3వ సంపుటంగా 1980లో వచ్చిన రేమ్స్ ఆర్చ్‌బిషప్ హింక్‌మార్ గ్రంథం, రాజభవన నిర్వహణ గురించినది, ఇదీ జర్మన్ అనువాదంతోనే ఉంది. రాజభవన మర్యాదలు, అలంకారం, ఏటా యోధులకు ఇచ్చే కానుకలు రాణి చూసుకోవాలి, ఆమె కింద కామెరారియుస్ చూసుకోవాలి అని అందులో ఉంటుంది. అంటే ఆ పదవిలో ఉన్నవాడు రాణితో కలిసి పనిచేయక తప్పదు, ఖజానా తాళాలూ అతని చేతిలోనే ఉంటాయి. బెర్నార్డ్‌కూ రాణి జూడిత్‌కూ అక్రమ సంబంధం అంటగట్టాలనుకున్నవారికి ఇంకే సాకూ అక్కర్లేకపోయింది.

ఈ ఆరోపణ దగ్గరే డీఎంజీహెచ్ అసలు బలం బయటపడుతుంది. థెగాన్ 36వ అధ్యాయం తెరిస్తే, రాణిని బెర్నార్డ్ చెరిచాడన్న మాటను ప్రస్తావించి, వెంటనే 'మెంతియెంతెస్ ఓమ్నియా' అంటాడు. అంటే, అంతా అబద్ధం. థెగాన్ లూయీ పక్షపు మనిషి. నిథార్డ్ మొదటి పుస్తకం 3వ అధ్యాయంలో సంబంధం ఊసే లేదు. అతని అభియోగం వేరు. లూయీ బెర్నార్డ్‌ను రాజ్యంలో తన తరవాతివాడిగా నిలబెట్టి, పసి చార్లెస్‌ను అతనికి అప్పగించాడట. గట్టిపరచవలసిన రాజ్యాన్ని బెర్నార్డ్ ఇష్టారాజ్యంగా వాడుకుని కూలదోశాడట. కంచే చేను మేసిందన్నమాట. నిథార్డ్ చార్లమేన్ మనవడు, చార్లెస్ కొలువులో ఉంటూ చార్లెస్ కోరిక మీద రాసినవాడు. అతనికి బెర్నార్డ్ మీద కోపం ఉంది, కానీ చార్లెస్ తల్లి జూడిత్ మీద మచ్చ వేసే పని అతను చేయలేడు. ఈ రెండూ కలిపి చదివితేనే ఆ వాక్యం ఎందుకలా ఉందో తెలుస్తుంది.

మూడో గొంతు పాస్కేసియస్ రాడ్బెర్టుస్‌ది. మఠాధిపతి వాలా పక్షాన రాసిన అతని గ్రంథం ఈ అభియోగాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది: రాజభవనం వేశ్యావాటిక అయిపోయింది, అక్కడ వ్యభిచారం రాజ్యమేలుతోంది అంటాడు. కానీ ఇందులో 'బెర్నార్డ్' అని వెతికితే అసలు మనిషి దొరకడు. రాడ్బెర్టుస్ అందరికీ మారుపేర్లు పెట్టాడు. బెర్నార్డ్ 'నాసో', జూడిత్ 'యూస్తీనా', లోథార్ 'హోనోరియుస్', వాలా 'అర్సేనియుస్'. కాబట్టి వెతకాల్సిన మాట 'నాసో', దాని విభక్తి రూపాలు 'నాసోనెమ్', 'నాసోనిస్'. ఈ గ్రంథం సైటులో రెండో స్క్రిప్టోరెస్ సంపుటంలోని పెర్ట్స్ పాఠంగానే ఉంది. మెరుగైన పాఠం డ్యూమ్లర్ 1900లో బెర్లిన్ అకాడమీ తరఫున తెచ్చాడు, అది ఈ సైటు పరిధిలోది కాదు. లియాన్ ఆర్చ్‌బిషప్ అగోబార్డ్ 833 నాటి రచనలు, జూడిత్ మీద కత్తిగట్టినవి, 15వ స్క్రిప్టోరెస్ మొదటి భాగంలో చూడవచ్చు. ఈ నలుగురినీ ఒకే కుర్చీలో కూర్చుని చదవగలగడం పుస్తకాల రోజుల్లో పెద్ద గ్రంథాలయం ఉన్న ఊళ్లోనే సాధ్యమయ్యేది.

830లో జరిగింది ఇది. ఉపవాస దినాల్లో బ్రిటనీ మీదికి దండయాత్ర అన్నారు, సైన్యం పారిస్‌లో తిరగబడింది, బెర్నార్డ్ బార్సిలోనాకు పారిపోయాడు. రాణిని పువాటియే కన్యకామఠంలో పెట్టారు. బెర్నార్డ్ తమ్ముళ్లలో హెరిబెర్ట్ కళ్లు పీకించారు, దాయాది ఓడోను ఆయుధాలు లాక్కుని దేశం దాటించారు. ఈ వివరాలకు ఖగోళజ్ఞుడు 44, 45 అధ్యాయాలు చూడాలి. ఉపవాస దినాల్లో యుద్ధానికి పిలవడం ఎంత గుచ్చుకుందో తెలియాలంటే రాజాజ్ఞలు, సభా నిర్ణయాల సంకలనమైన 'కపిట్యులారియా' రెండో సంపుటంలో 197వ పత్రం తెరవండి. 833లో కొంపియేన్ సభ నిర్ణయంతో స్వాసోన్‌లో లూయీ చేత బలవంతాన చేయించిన ప్రాయశ్చిత్తం గురించి బిషప్పులు రాసిన నివేదిక అది. మూడేళ్ల తరవాత కూడా ఆ దండయాత్ర లూయీ నేరాల జాబితాలో ఉంది. ఇలాంటి పత్రాలను పుటతో కాకుండా పత్రం సంఖ్యతో ఉదాహరించడమే వాడుక.

బెర్నార్డ్ మళ్లీ లేచిన తీరు, మళ్లీ పడిన తీరు కూడా ఖగోళజ్ఞుడే బాగా చెప్పాడు. 831లో థియోన్‌విల్ సభకు వచ్చి, నాపై ఆరోపణ చేసినవాడు ఎవడైనా ఉంటే ఆయుధంతో తేల్చుకుందాం రమ్మన్నాడు, ఎవరూ రాలేదు, ప్రమాణం చేసి నింద కడిగేసుకున్నాడు (46వ అధ్యాయం, థెగాన్‌లో 38). మరుసటేడు లూయీ మీద తిరగబడిన అతని కొడుకు, అక్విటేన్ రాజు పెపిన్‌తో కలిశాడని కొత్త అభియోగం. ఈసారీ అభియోగం మోపినవాడు ద్వంద్వ యుద్ధానికి దిగలేదు. నేరం రుజువు కాలేదు. అయినా హోనోరెస్ ఊడబెరికారు (47వ అధ్యాయం). 'రుజువు కాకపోయినా' అని చక్రవర్తి అభిమానే ఒప్పుకుంటున్నాడు. ఆ ఒక్క మాట కోసమైనా ఆ పుట చూడదగ్గది.

834లో షాలోన్-సుర్-సోన్ పట్టణం లోథార్ చేతికి చిక్కింది. ఊరు కాలిపోయింది. బెర్నార్డ్ తమ్ముడు గౌసెల్మ్ తల నరికించాడు. చెల్లెలు గెర్బెర్గా సన్యాసిని. ఆమెను సోన్ నదిలో ముంచి చంపించాడు. మూడు గ్రంథాల్లోనూ ఈ సంగతి ఉంది, మూడింటా తేడాగా ఉంది. నిథార్డ్ (1వ పుస్తకం, 5) చేతబడి చేసేవాళ్లను చంపే పద్ధతిలో ముంచారంటాడు. ఖగోళజ్ఞుడు (52) విషప్రయోగం చేసే దానిలా, 'వెనెఫికా' అన్న మాట వాడతాడు. థెగాన్ (52) ఒక్కడే ఆమెను ద్రాక్షసారా పీపాలో పెట్టి మూసి నదిలోకి విసిరారని రాశాడు. ఆ పీపా గురించి చెప్పే వ్యాసాలు మూలం పేరు ఇవ్వకుండా, ముగ్గురూ చెప్పినట్టు రాసేస్తుంటాయి. ఆ లోథార్‌నే చార్లెస్ అన్నగా బెర్నార్డ్ ఆ తరవాత ఏడేళ్లకు ఎదుర్కోవలసి వచ్చింది. ఇది గుర్తుపెట్టుకుంటే 841లో అతని నడక కొంత అర్థమవుతుంది.

841 జూన్ 25, ఫోంటెనోయ్. చక్రవర్తి లూయీ పోయాక అతని కొడుకుల మధ్య మహాయుద్ధం. నిథార్డ్ స్వయంగా ఆ యుద్ధంలో పోరాడాడు. బెర్నార్డ్ ఆ చోటికి దాదాపు మూడు లీగుల దూరంలోనే ఉండి, ఎవరికీ సాయం చేయలేదని రాశాడు (3వ పుస్తకం, 2). అంటే ఆరేడు కిలోమీటర్లు. ఫలితం తేలాక కొడుకు విలియంను చార్లెస్ దగ్గరికి పంపి, బర్గండీలో తన హోనోరెస్ ఇస్తే తన కొడుకు చార్లెస్‌కు కట్టుబడతాడన్నాడు. గోడమీద పిల్లివాటమని తేల్చేయడం సులువు. కానీ అదే నిథార్డ్ రెండో పుస్తకం 5వ అధ్యాయం కూడా తెరవాలి: అయిదారు నెలల కిందటే చార్లెస్ బూర్జ్ దగ్గర బెర్నార్డ్ మీద హఠాత్తుగా పడ్డాడు, అతని మనుషులు కొందరు చచ్చారు, బెర్నార్డ్ తప్పించుకుని ఆనక వచ్చి శరణన్నాడు. ఒక అన్న తన చెల్లెల్ని చంపాడు, ఇంకో తమ్ముడు తననే చంపబోయాడు. ఆ ఇద్దరిలో ఎవరికోసం చావాలి? నిథార్డ్ ఈ ప్రశ్న అడగడు. అడగకపోయినా, అతని పుటలే ఆ ప్రశ్న వేసుకునే సామగ్రి ఇస్తాయి.

చార్లెస్ తన చేత్తో బెర్నార్డ్‌ను పొడిచాడన్న కథ ఒకటి తరవాతి శతాబ్దాల్లో పుట్టి ఇప్పటికీ తిరుగుతోంది. పైన చెప్పిన రెండు వార్షికాల్లోనూ అది లేదు. రెండు పుటలూ తెరిచి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయమిది. వాటిలో తేడా ఎందుకొచ్చిందన్నది కూడా కష్టమేమీ కాదు: ఆ ఏళ్లకు బెర్టిన్ వార్షికాలు రాసింది చార్లెస్ మనిషి ప్రుడెన్షియస్, ఫుల్డా వార్షికాలు చార్లెస్‌కు పోటీ అయిన అన్న, తండ్రి పేరే ఉన్న లూయీ రాజ్యంలో పుట్టినవి.

ఇప్పుడు లోటుపాట్లు. బెర్నార్డ్ గురించి అన్నిటికన్నా దగ్గరి సాక్ష్యం అతని భార్య దువోడాది. ఆమె తన పెద్దకొడుకు విలియం కోసం 841 నవంబరు 30న మొదలుపెట్టి 843 ఫిబ్రవరి 2న ముగించిన హితబోధ గ్రంథం పూర్తిగా ఈ సైటులో లేదు. ఈ సేవతో బెర్నార్డ్ కథ చదివినవారికి శత్రువులూ ఆస్థాన రచయితలూ మాత్రమే వినిపిస్తారు. ఇల్లు వినిపించదు. ఆమె గ్రంథాన్ని 1975లో పియేర్ రిషే ఫ్రెంచ్ అనువాదంతో పరిష్కరించాడు. గ్రంథాలయంలో అది సంపాదించాల్సిందే. 824 జూన్ 29న ఆఖెన్ రాజభవనంలో పెళ్లి, 826 నవంబరు 29న విలియం పుట్టుక, 841 మార్చి 22న ఉజేస్‌లో రెండోవాడి పుట్టుక ఆమె నోటనే తెలుస్తాయి. ఆ పసివాడికి ఇంకా జ్ఞానస్నానం కాకముందే తండ్రి తన దగ్గరికి తెప్పించుకున్నాడు. తన బిడ్డ పేరేమిటో రాస్తున్నప్పటికి ఆమెకే తెలియదు. సరిహద్దులో భర్త కొలువు నిలబెట్టడానికి క్రైస్తవుల దగ్గరా యూదుల దగ్గరా అప్పులు చేశానని, తాను పోతే అవి తీర్చమని కొడుకును వేడుకుంటుంది. పదో పుస్తకంలో విలియం ప్రార్థించవలసిన చనిపోయిన బంధువుల పేర్లు ఎనిమిది రాసింది: విలియం, కునెగుండా, గెర్బెర్గా, విట్‌బుర్గా, థియోడెరిక్, గోట్సెల్మ్, వార్నేరియుస్, రోత్‌లిండిస్. మూడో పేరూ ఆరో పేరూ షాలోన్‌లో చంపినవాళ్లవి. ఎలా పోయారో ఆమె ఒక్క మాట కూడా రాయలేదు. 64వ, 44వ సంపుటాలు చదివాక ఈ జాబితా దగ్గరికి వచ్చేవారికి ఆ రెండు పేర్లు చాలు.

చార్లెస్ శాసనాలు కూడా ఇక్కడ లేవు. వాటి ప్రచురణ ఫ్రాన్స్ చేతిలో ఉంది. లూయీ శాసనాలు మాత్రం 'డిప్లోమాటా' విభాగంలో, థియో కోల్ట్సెర్ 2016లో తెచ్చిన పరిష్కరణలో ఉన్నాయి. ఏ రోజు చక్రవర్తి ఏ ఊళ్లో ఉన్నాడు, ఏ సభ ఎప్పుడు జరిగింది అన్న ప్రశ్నలకు 'రెగెస్టా ఇంపెరీ' అనే మరో జర్మన్ ఉచిత సైటును తోడుగా పెట్టుకోవాలి. అక్కడ తేదీల వారీగా ఒక్కో సంఘటనకూ సంఖ్య ఇచ్చి, ఏయే మూలాల్లో ఉందో చెబుతారు. రెగెస్టాలో తేదీ పట్టుకుని, డీఎంజీహెచ్‌లో పుట తెరవడం అన్నిటికన్నా తక్కువ శ్రమ.

ఫోన్‌లో చదవాలనుకునేవారు చిన్న సైజు గ్రంథమాలకే పరిమితమైతే మంచిది. పెద్ద సైజు స్క్రిప్టోరెస్ పుట ఫోన్ తెర మీద చీమల బారులా ఉంటుంది, అడుగు సూచికలైతే మరీను. అనువాద యంత్రాన్ని వాడేవారు హోనోరెస్‌తో పాటు ఇంకో మూడు మాటలు ముందే రాసి పెట్టుకోవాలి. 'ఫిదేలిస్' మత విశ్వాసి కాదు, రాజుకు ప్రమాణం చేసినవాడు. 'ఇన్ఫిదేలితాస్' నాస్తికత్వం కాదు, ఆ ప్రమాణం తప్పడం; బెర్నార్డ్ మీద 832లో మోపింది ఇదే. 'ప్లాకితుమ్' అంటే ప్రభువులు కూడి తీర్పులు, నిర్ణయాలు చేసే సభ. ఈ నాలుగూ తప్పితే పుటంతా తప్పుతుంది.

బెర్నార్డ్ దగ్గర ఆపేయకుండా 5వ సంపుటంలోనే ఇంకో మూడు ఏళ్లు తిరగేయండి. 848 కింద, కొడుకు విలియం బలంతో కాక మోసంతో అంపూరియాస్, బార్సిలోనా పట్టుకున్నాడని ఉంటుంది. 850 కింద, ఇద్దరు కౌంట్లను మోసంతో పట్టుకున్న అతన్ని అంతకన్నా పెద్ద మోసంతో పట్టుకుని బార్సిలోనాలో చంపారని ఉంటుంది. అమ్మ రాసిచ్చిన పుస్తకం అందుకున్న పిల్లవాడు అతనే, అప్పటికి ఇరవైనాలుగేళ్లు నిండలేదు. 864 కింద, ఈసారి కలం హింక్‌మార్‌ది, 'నిరంకుశుడు బెర్నార్డ్‌కు శరీరంతోనూ నడతతోనూ కొడుకైన' బెర్నార్డ్ రాజసభ నుంచి సెలవు తీసుకుని, రాత్రివేళ సాయుధుల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చి అడవిలో పొంచి ఉన్నాడు. తన తండ్రిని చంపించిన రాజు కోసమని కొందరన్నారట, రాజు మనుషులు రాబర్ట్, రామ్నుల్ఫ్‌ల కోసమని కొందరన్నారట. ఉజేస్‌లో పేరు పెట్టకముందే తల్లి నుంచి వేరైన ఆ పసివాడే ఇతడని ఎక్కువమంది పరిశోధకుల గుర్తింపు. వైట్స్ సూచిలో తండ్రీ కొడుకుల ఇద్దరి పేర్లనూ ఒకదాని తరవాత ఒకటి చూసుకోండి. ఇద్దరి పుటలూ కలిసిపోకుండా ఉండాలంటే అదొక్కటే దారి.